గ్యాస్ అయిపోవడమంటూ ఉండదు

ఎండాకాలం మొదలైతే చాలు, నా ఫోన్‌లో ఒకటే మాట. "భాయ్, ఫ్రిజ్‌ల గ్యాస్ అయిపోయింది, జర వచ్చి నింపిపో." పాల్వంచలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తూ నా జుట్టు నెరిసింది. మా అబ్బా దగ్గర, అంటే నాన్న చేతి కింద, నేర్చుకున్న పని ఇది. ఎండాకాలంలో ఈ మాట వినని రోజు లేదు, విని ఒళ్లు మండని రోజూ లేదు. వంటింటి సిలిండర్‌లో గ్యాస్ అయిపోతుంది, ఎందుకంటే దాన్ని మండిస్తాం. బండిలో పెట్రోలూ అంతే. ఫ్రిజ్‌లో గ్యాస్ మండదు, అరగదు, ఖర్చు కాదు. గొట్టాల్లో ఆవిరై లోపలి వేడిని పట్టుకుంటుంది, వెనక జాలీలోకి వచ్చి ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది, తిరిగి లోపలికి పోతుంది. కంపెనీలో పోసిన గ్యాస్‌తోనే ముసలివైపోయిన ఫ్రిజ్‌లను ఎన్నో చూశాను. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. ముందు ఆ చిల్లు వెతకాలి, మూయాలి, ఆ తర్వాతే నింపాలి.

ఇంత చెబితే ఇంటావిడ విసుక్కుంటుంది. "అవన్నీ మాకెందుకు భాయ్? పోయినేడు వచ్చినాయన చాయ్ తాగే లోపు నింపి పోయిండు. నువ్వేంది, పొద్దంతా కూసుంటవ్?" పోయినేడు వచ్చినాయన నింపిన గ్యాస్ అదే చిల్లులోంచి పోయింది కాబట్టే కదమ్మా నన్ను పిలిచావు అని అడగాలనిపిస్తుంది. అడిగాను కూడా, చాలాసార్లు. అడిగిన ప్రతి ఇంట్లోనూ మరుసటేడు ఇంకొకర్ని పిలిపించుకున్నారు.

ఈ గ్యాస్ గురించి జనానికి ఏమీ తెలియకపోవడంలో వాళ్ల తప్పు లేదు. కంటికి కనిపించదు, వాసన ఉండీ లేనట్టుంటుంది. మా అబ్బా కాలంలో పన్నెండో నంబరు గ్యాస్ ఉండేది. అంటుకోదు, మనిషికి హాని చేయదు, ఇనుమును తినదు, ఇంతకంటే మంచి గ్యాస్ ఇంకోటి రాదని అబ్బా దాన్ని తెగ పొగిడేవాడు. అందులోని క్లోరిన్ పైకి పోయి ఓజోను పొరను తినేస్తోందని చెప్పి ఆపేశారు. తర్వాత కొత్త ఫ్రిజ్‌లలోకి నూట ముప్పై నాలుగో నంబరు గ్యాస్ వచ్చింది. ఇందులో క్లోరిన్ లేదు, ఫ్లోరిన్ మాత్రమే ఉంది, ఓజోనుకు భయం లేదన్నారు. సంతోషించి పాత నూనె మార్చాం, పైపులు మార్చాం. ఇప్పుడేమో ఇది గాల్లో కలిసి భూమిని వేడెక్కిస్తోంది, దీన్నీ తగ్గించుకుంటూ రావాలంటున్నారు. నిజమే కావచ్చు. కానీ చిల్లు మూయకుండా ఏటా గాల్లోకి వదిలేసే గ్యాస్ గురించి ఎవరూ అడగరు. అది ఎండను పెంచుతుంది, ఎండ పెరిగితే నాకు ఫోన్లు పెరుగుతాయి, ఆ ఫోన్లలో మళ్లీ అదే మాట. తలుచుకుంటే తల గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం ఇలాగే ఫోన్ వచ్చింది. చేసింది మా వైపు టెంట్ హౌస్ నడిపే ఆయన. షామియానాలు, కుర్చీలతో పాటు ఫ్రీజర్ బాక్సు కూడా కిరాయికి ఇస్తాడు. దూరం నుంచి రావాల్సిన వాళ్లు వచ్చేదాకా చనిపోయిన మనిషిని పడుకోబెట్టే అద్దాల మూత పెట్టె అది.

"భాయ్, బాక్సు అడివి దిక్కు ఒక ఊర్లుంది. పొద్దుటిసంది సల్లగైతలేదట. గ్యాస్ అయిపోయినట్టుంది, జల్దీ పోయి నింపిరా."

ఎక్కడ కారుతోందో చూశావా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

సిలిండర్, వాక్యూమ్ పంపు, గేజీలు, అతుకుపెట్టే టార్చ్ బండికి కట్టుకుని బయల్దేరాను. తారు రోడ్డు వదిలాక టేకు చెట్ల మధ్య మట్టి బాట. ఆకులన్నీ రాలిపోయి నీడన్నది లేదు. అలాంటి ఎండలో గ్యాస్ సిలిండర్ వెనక కట్టుకుని పోవడం మంచిది కాదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. తడి గోనెసంచి చుట్టాను. దారిలో రెండు చోట్ల ఆగి మళ్లీ తడిపాను, ఆగిన ప్రతిసారీ టెంట్ హౌస్ ఆయన్ను తిట్టుకున్నాను.

అది కోయవాళ్ల ఊరు. రేకుల ఇంటి ముందు పందిట్లో పెట్టె ఉంది, చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. చనిపోయిన ఆయనకు పెద్ద వయసేమీ కాదు, వ్యవసాయం చేసుకునే మనిషి. తెల్లవారుజామున గుండెలో నొప్పని కూర్చుని మళ్లీ లేవలేదట. ఒక్కతే కూతురు. తమిళనాడులో నూలు మిల్లులో పని. కబురు తెలిసి రైలెక్కింది, మర్నాడు పొద్దుటికి గాని చేరుకోదు. తమలో తాము కోయ మాట్లాడుకుంటున్న వాళ్లు నన్ను చూసి తెలుగులోకి మారారు.

ఆయన భార్య లేచి వచ్చి నా చేయి పట్టుకుంది. "అన్నా, ఎట్లన్న జేసి సల్లగ జెయ్. పిల్ల మిల్లుకు పోయి ఏడాదిన్నరాయె. మొన్న పండుగకు సుట్టీ ఇయ్యలే. ఈయన రోజూ బాటకాడ కూసునెటోడు. ఒక్కసారి దాన్ని మొహం సూసుకోనియ్."

ఆమె వెనకే చనిపోయిన ఆయన అన్న నిలబడి ఉన్నాడు. ఊరికి పెద్ద అని నడకలోనే తెలుస్తోంది. "సాయబూ, సక్కగ ఇను. మాకాడ పొద్దుగూకక ముందే సాగనంపుతం. ఈ ఎండల మనిషిని పాడుగానిచ్చుడు మంచిగుండది. ఈ పెట్టె పొద్దుగూకేలోపు సల్లవడితే రేపటిదాంక ఉంచుతం. లేకుంటే ఎత్తుతం. ఎవ్వరేడ్సినా ఆగేది లేదు."

కఠినంగా అనిపించినా ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొద్దు అప్పటికే పడమటికి వాలింది. పెట్టె మోటారు తిరుగుతోంది గాని లోపల రేకు బయటి గాలంత వేడిగా ఉంది.

పెట్టె తల వైపు ఒక నూనె దీపం, పక్కనే గుత్తెడు అగరుబత్తీలు వెలుగుతున్నాయి. ఈ దీపం వాళ్ల ఆనవాయితీ కాదట, పెట్టెతో పాటే వచ్చింది. టెంట్ హౌస్ ఆయన ప్రమిద, నూనె, అగరుబత్తీల కట్ట ఒక కవర్లో పెట్టి ఇస్తాడు, అందరూ పెడుతున్నారు కదా అని వీళ్లూ పెట్టారు. నేను మోటారు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తల వంచాను. అగరుబత్తీల ఘాటు కింద ఇంకో వాసన తగిలింది. వంటింటి గ్యాస్ వాసన.

దీపం వత్తిని వేళ్లతో నలిపేసి, అగరుబత్తీలు పీకి మట్టిలో గుచ్చాను. స్విచ్ దగ్గర నిప్పురవ్వ లేస్తుందేమోనని, పందిరికి వచ్చే కరెంటు ఇంటి మెయిన్ దగ్గరే తీసేయమని అరిచాను. ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"దీపం ఆర్పుతవేంది? శవమున్న ఇంట్ల గిట్ల జేస్తరా?" అని ఒక ఆమె నా మీదికి వచ్చింది.

"అమ్మా, పెట్టెల పొయ్యి గ్యాస్ నింపిండ్రు! కారుతుంది! అంటుకుంటే మీరందరు కాలిపోతరు!" చావు ఇంట్లో అలా అరవకూడదని తెలుసు. కానీ అప్పుడు నాకు గొంతు దింపుకునే ఓపిక లేదు. అందరూ దూరం జరిగారు.

రోడ్డు మీదికి పోయి టెంట్ హౌస్ ఆయనకు ఫోన్ చేశాను. "బాక్సుల పొయ్యి గ్యాస్ ఎవడు నింపిండు?" అని అడిగితే ఆయనకు కోపం కూడా రాలేదు. "ఎవరో పోరడు నింపిండు భాయ్. గ్యాస్ ఏదైతేంది? సల్లగైంది గదా."

అదే వచ్చిన చిక్కు. పొయ్యి గ్యాస్ కూడా చల్లబరుస్తుంది, బాగానే చల్లబరుస్తుంది. ఇంట్లో ఉండే చిన్న ఫ్రిజ్‌లలో కంపెనీ వాళ్లే అలాంటి జాతి గ్యాస్ చిటికెడంత పోస్తారు, దానికి తగ్గట్టు స్విచ్చులూ అన్నీ కట్టుదిట్టంగా చేస్తారు. ఈ పెట్టెను అలా చేయలేదు. నూట ముప్పై నాలుగు మామూలుగా అంటుకోదు. అది కారితే చలువ పోతుంది, అంతే. చిల్లు ఉన్న గొట్టంలో పొయ్యి గ్యాస్ నింపి, తల దగ్గర దీపం పెట్టుకోమని ప్రమిద కూడా ఇచ్చి పంపిన మనిషికి ఏమని చెప్పను? నోటికొచ్చినట్టు తిట్టాను. "సరే భాయ్, నువ్వే మంచిగ జెయ్" అన్నాడు చల్లగా.

చనిపోయిన ఆయన్ను పెట్టెలోంచి తీసి ఇంటి వెనక నీడలో నులక మంచం మీద పడుకోబెట్టారు. ఆడవాళ్లు చాటలతో విసురుతూ కూర్చున్నారు. నలుగురు మగవాళ్లు పెట్టెను ఇళ్లకు దూరంగా ఖాళీ జాగాలోకి మోశారు. గొట్టం విప్పి లోపలి గ్యాస్ గాలికి పోనిచ్చాను. చాలాసేపు ఏమీ చేయకుండా కూర్చోవలసి వచ్చింది. పొద్దేమో ఆగడం లేదు. చనిపోయినాయన భార్య మంచం దగ్గర్నుంచి మాటిమాటికి నా వైపు చూస్తోంది. పని చేయాల్సిన మనిషి కూర్చున్నాడేమిటని అనుకుంటోందేమో. వాసన పూర్తిగా పోకుండా టార్చ్ వెలిగిస్తే ఏమవుతుందో ఆమెకు చెప్పి భయపెట్టలేను. నా మీద నాకే చిరాకేసింది.

వాసన పోయాక పంపుతో గొట్టాల్లో గాలి ఆడించి, లోపలి స్టీలు రేకు ఎత్తి చూశాను. మూల దగ్గర రాగి గొట్టం నొక్కుకుపోయి, సన్నగా చీలి ఉంది. ఎవరో ఏదో గట్టి వస్తువు దూర్చి పైకి లేపినట్టుంది.

పక్కనే నిలబడ్డ పెద్దాయన వంగి చూశాడు. చీలిక వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత అన్నాడు. "ఇది కొడవలి దెబ్బ. కొట్టింది నేనే."

పోయిన నెలలో పక్క ఊళ్లో వాళ్ల బంధువు ఒకాయన పోతే ఇదే పెట్టె తెచ్చారట. స్నానం చేయించి, తడి బట్టతోనే లోపల పడుకోబెట్టారు. తెల్లారేసరికి ఆ తడి గడ్డకట్టి బట్ట రేకుకు అతుక్కుపోయింది. ఎత్తుదామంటే మనిషి రాడు. ఏడుస్తున్న జనం చుట్టూ ఉన్నారు, ఎంత లాగినా రాలేదు. పెద్దాయన కొడవలి రేకు కింద దూర్చి పైకి లేపాడు. బుస్సుమని చప్పుడైంది, మనిషి లేచాడు, అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"ఆ బుస్సుమన్నదే గ్యాస్ పోయిన సప్పుడా?" అని అడిగాడు.

"అవ్" అన్నాను.

నా కోపం ఎవరి మీద చూపించాలో అర్థం కాలేదు. తడి మనిషిని పెట్టొద్దని, కింద ప్లాస్టిక్ పట్టా వేయాలని వాళ్లకు చెప్పిన వాడెవడు? ప్రమిద, నూనె ఇచ్చినవాడు ఒక పట్టా ముక్క ఇవ్వలేడా? అదే మాట పెద్దాయనకు చెప్పాను. ఆయన మంచం వైపు, తమ్ముడి భార్య వైపు ఒకసారి చూసి, "పొద్దుగూకేలోపు అయితదా సాయబూ?" అన్నాడు. అంతకుముందు నాకు గడువు పెట్టిన గొంతు కాదు అది.

చీలిక మూశాను. తేమ పట్టిన ఫిల్టర్ మార్చాను. పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగించాను. ఈ పని తొందరపడితే చెడుతుంది. చుక్క తేమ మిగిలినా సన్న గొట్టంలో మంచుబిళ్లై అడ్డం పడుతుంది. అప్పుడు నూట ముప్పై నాలుగో నంబరు గ్యాస్ సిలిండర్ తెరిచాను. ఈ గ్యాస్ విచిత్రమేమిటంటే, మామూలు గాలిలో సున్నాకు ఇరవై ఆరు డిగ్రీల కిందే మరిగిపోతుంది. మనకు ఒళ్లు కొయ్యబారే చలి దానికి సలసల కాగే వేడి. అందుకే లోపలున్న వేడినల్లా లాక్కుని ఆవిరైపోతుంది. గొట్టం విప్పేటప్పుడు నాలుగు చుక్కలు వేలి మీద పడి చర్మం తెల్లగా కాలింది. మామూలే, ప్రతి మెకానిక్ చేతి మీదా అలాంటి మచ్చలుంటాయి.

పెట్టె మళ్లీ పందిట్లోకి చేరింది. స్విచ్ వేశాను. మోటారు ఊఁ అని మూలిగి, టిక్కుమని ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ వేశాను. మళ్లీ మూలిగింది, మళ్లీ ఆగింది. మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ బాగా కిందికి పడిపోయి ఉంది. ఊరంతటికీ ఒకటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, మే నెల సాయంత్రం, ప్రతి ఇంట్లో ఫ్యాను, కొందరికి కూలరు. స్టెబిలైజర్ పాల్వంచలో నా దుకాణంలో ఉంది. ఉత్త గ్యాసే కదా అని పిలిచిన మనిషి మాట నమ్మి దాన్ని వదిలేసి వచ్చాను. పాల్వంచలో పెద్ద కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అంత దగ్గర ఊళ్లో ఒక మోటారు తిరగడానికి కరెంటు చాలదు. చేతిలో పానా నేలకేసి కొట్టాను.

"ఏమాయె?" అని చనిపోయినాయన భార్య వచ్చింది.

"గ్యాస్ మంచిగుందమ్మా. కరెంటు బలం లేదు. ఊర్ల ఫ్యాన్లు, కూలర్లు బందైతే తప్ప మోటారు లేవదు" అన్నాను. జరిగే పని కాదని తెలిసే అన్నాను.

పెద్దాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని నడిచాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి కోయలో ఏదో చెబుతున్నాడు. చేతిని కొడవలి దూర్చి లేపినట్టు ఆడించడం నాకు దూరం నుంచి కనిపించింది. ఆయన జరిగింది దాచకుండానే చెబుతున్నాడు. ఒక్కో ఇల్లూ దాటుతుంటే ఫ్యాన్ల చప్పుడు ఆగిపోతూ వచ్చింది. జనం పసిపిల్లల్ని ఎత్తుకుని బయటికొచ్చి, చెట్ల కింద తువ్వాళ్లతో విసురుకుంటూ కూర్చున్నారు. ఒక్కరు కూడా నా వైపు విసుగ్గా చూడలేదు.

మళ్లీ స్విచ్ వేశాను. మోటారు లేచింది.

పొద్దు చెట్ల వెనక్కి దిగుతుండగా రేకు మీద తెల్లటి పొర మొదలైంది. పొడి గుడ్డతో తుడిపించి, నా పనిముట్ల మీద కప్పుకొచ్చిన ప్లాస్టిక్ పట్టా ఉతికించి పరిచి, పైన మందంగా దుప్పటి వేసి, అప్పుడు ఆయన్ను పడుకోబెట్టించాను. పెద్దాయన రేకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. "ఉంచుదాం" అన్నాడు. ఆమె నా ముందు రెండు చేతులూ జోడించింది. నాకేమో ఆ పెట్టె పాల్వంచకు చేరగానే ఇంకో పోరడు ఇంకేం నింపుతాడో అన్న ఆలోచన పోవడం లేదు.

వోల్టేజీ మళ్లీ పడుతుందేమోనని ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లారి ఎండ ఎక్కుతుండగా ఆటో ఒకటి వచ్చి ఆగింది. సన్నటి పిల్ల దిగింది. తల మీద ఇంకా నూలు పోగులున్నాయి, మిల్లులోంచి ఉన్నపాటున రైలెక్కినట్టుంది. ఏడవలేదు. తిన్నగా పెట్టె దగ్గరికి వచ్చింది. నేను అద్దాల మూత ఎత్తాను. మనిషి మొహం నిద్రపోతున్నట్టే ఉంది. చేసిన పనికి నాలో నేను కొంచెం గర్వపడిన మాట నిజం.

ఆ పిల్ల తండ్రి చెంప మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇంత సల్లగున్నడేంది?" అంది.

ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నాయినకు సలి పడదు గదనే. సలికాలం నెగడు కాడికెల్లి లేవకపోయేటోడు. రాత్రంత ఇందుల పెట్టిండ్రా? తియ్యుండి. నాయినను బయటికి తియ్యుండి."

అందరూ నా వైపు చూశారు. నిన్నటి నుంచి నేను తిట్టిన తిట్లు, ఊరు ఆర్పుకున్న ఫ్యాన్లు, ఆ చలి కోసం చేసినవన్నీ ఆ పిల్లకు ఏమని చెప్పను? వంగి ప్లగ్గు పీకేశాను.

ఆయన్ను మంచం మీదికి మార్చారు. ఆ పిల్ల పక్కన కూర్చుని తండ్రి చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. మధ్యమధ్య నోటితో వెచ్చగా ఊదుతోంది. ఎండ పందిట్లోకి వచ్చింది. కట్టెలు సిద్ధమయ్యాయని ఎవరో వచ్చి పెద్దాయన చెవిలో చెప్పారు. ఆయన చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. ఆ చేయి వెచ్చబడిందని పిల్ల అనే దాకా ఆయన ఎవర్నీ మంచం ముట్టనివ్వలేదు.